బేఫీల్డ్ ఓడ తిరిగిన దారిలో మావయ్యతో

శుక్రవారం, ప్లిమత్

మావయ్య హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఇంగ్లండ్ వస్తే ఎవరైనా ముందు లండన్ చూపించమంటారు. ఆయన మాత్రం ఫోన్‌లో ఒక పాత ఓడ ఫొటో తీసి, "ఇది తిరిగిన చోట్లు ఓసారి తిప్పరా, చాలు" అన్నారు. ఆ ఓడ యూఎస్‌ఎస్ బేఫీల్డ్, నంబరు ఏపీఏ-33. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ల అటాక్ ట్రాన్స్‌పోర్ట్.

అటాక్ ట్రాన్స్‌పోర్ట్ అంటే శత్రువు తీరం దాకా సైనికుల్ని మోసుకెళ్లి, తీరానికి దూరంగా సముద్రంలోనే లంగరు వేసి, చిన్న చిన్న పడవల్లో వాళ్లని ఒడ్డుకు పంపే ఓడ. అది ఒడ్డుకు వెళ్లదు, పడవలే వెళ్తాయి. వెళ్లిన పడవలు గాయపడ్డవాళ్లని ఎక్కించుకుని తిరిగొస్తాయి, ఓడలో డాక్టర్లుంటారు, వాళ్లని దించేసి పడవలు మళ్లీ వెళ్తాయి. విశాఖలో పెరిగినవాళ్లకి ఈ రకం ఓడ మరీ కొత్త కాదు, మన ఐఎన్‌ఎస్ జలాశ్వ ఈ వంశంలోదే. 2007లో అమెరికా నేవీ దగ్గర కొన్నప్పుడు దాని పేరు యూఎస్‌ఎస్ ట్రెంటన్. 2020లో కోవిడ్ టైంలో మాల్దీవుల నుంచి మనవాళ్లని వెనక్కి తెచ్చిన ఓడల్లో అదీ ఉంది.

బేఫీల్డ్‌ని శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర కట్టారు. మొదట సీ బాస్ అనే పేరుతో సరుకుల ఓడగా మొదలై, 1943 ఫిబ్రవరిలో నీళ్లలోకి దిగి, అదే ఏడాది నవంబరులో యుద్ధనౌకగా నేవీలో చేరింది. పొడవు 492 అడుగులు. దాదాపు 1,500 మంది సైనికుల్ని, వాళ్లని దించడానికి రెండు డజన్ల దాకా పడవల్ని మోసేది. దీన్ని నడిపింది కోస్ట్‌గార్డ్ వాళ్లు. అలల్లో, ఒడ్డు దగ్గర చిన్న పడవ నడపడం వాళ్లకి రోజూ చేసే పని కాబట్టి కొన్ని అటాక్ ట్రాన్స్‌పోర్టులకి వాళ్లనే పెట్టారు.

ప్లిమత్‌లో చూడ్డానికి ఓడ ఆనవాలు ఏమీ లేదు. హో మైదానంలో ఎర్ర తెలుపు చారల పాత లైట్‌హౌస్ పక్కన నిలబడితే ప్లిమత్ సౌండ్ అనే అఖాతం మొత్తం కనిపిస్తుంది, అడ్డంగా బ్రేక్‌వాటర్, దాని అవతల ఇంగ్లిష్ ఛానల్. 1944 వసంతంలో ఇక్కడి నుంచే రియర్ అడ్మిరల్ డాన్ పి. మూన్ ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో యూటా బీచ్ దాడికి ఓడల్ని సిద్ధం చేశారు. 800కు పైగా ఓడలు, పడవలు ఆయన చేతికింద. ఆయన జెండా ఎగిరింది బేఫీల్డ్ మీద, అంటే వాటన్నిటినీ ఆయన నడిపించింది ఆ ఓడ నుంచే. మావయ్య ఈ యాత్ర అడగడానికి అసలు కారణం ఈ మూన్ అని నాకు ఆ సాయంత్రం అర్థమైంది. ఓడ గురించి ఒక మాట చెప్తే మూన్ గురించి నాలుగు మాటలు చెప్తున్నారు.

శనివారం, స్లాప్టన్, టోర్‌క్రాస్

ప్లిమత్ నుంచి టోర్‌క్రాస్ గంటంపావు దూరం, కింగ్స్‌బ్రిడ్జి దాటాక రోడ్డు రెండు పక్కలా మనిషెత్తు కంచెలతో ఎంత సన్నగా ఉంటుందంటే ఎదురుగా ట్రాక్టర్ వస్తే మనం రివర్స్‌లో పోవాల్సిందే. టెన్షన్ పడుతూనే చేరాం. చేరాక మాత్రం ఒక్కసారిగా కళ్ల ముందు అంతా తెరుచుకుంటుంది. తిన్నగా మైళ్ల పొడవున బీచ్, దాని వెనక రోడ్డు, రోడ్డు వెనక స్లాప్టన్ లే అనే మంచినీటి సరస్సు. ముందు ఉప్పునీళ్లు, వెనక మంచినీళ్లు, మధ్యలో సన్నటి నేల. నార్మండీలో యూటా బీచ్ కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది, అక్కడ బీచ్ వెనక పొలాల్ని జర్మన్లు నీళ్లతో నింపేశారు. అందుకే రిహార్సల్‌కి ఈ చోటు ఎంచుకున్నారు.

రిహార్సల్ కోసం 1943 చివర్లో చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. దాదాపు 3,000 మంది, పశువులు, కోళ్లు, ధాన్యంతో సహా కొన్ని వారాల్లో ఇళ్లు వదిలి వెళ్లారు. క్రిస్మస్‌కి ముందే గడువు. తర్వాత 1954లో అమెరికా సైన్యం వాళ్లకి థాంక్స్ చెప్తూ బీచ్ మీద ఒక రాతి స్తంభం నిలబెట్టింది, దాని దగ్గర కాసేపు ఆగాం. ఆ ఊళ్లవాళ్లు ఏం వదులుకుంటున్నారో వాళ్లకి తెలుసు, ఎందుకు వదులుకుంటున్నారో మాత్రం సరిగ్గా చెప్పలేదు. అది నాకు చాలా పెద్ద త్యాగం అనిపిస్తుంది.

ఇక్కడి బీచ్‌లో ఇసుక లేదు, బఠాణీ గింజంత నుంచి చింతపిక్కంత వరకూ నున్నటి గులకరాళ్లు. కాలేస్తే చీలమండ దాకా దిగబడిపోతుంది, ఇంకో అడుగు వేయాలంటే రెండింతల బలం పెట్టాలి. మోకాళ్ల నొప్పులున్నా మావయ్య పట్టుబట్టి నీళ్ల అంచు దాకా నడిచారు. "వీపు మీద పాతిక ముప్ఫై కిలోలు, చేతిలో తుపాకీ, బూట్ల నిండా నీళ్లు. ఇందులో పరిగెత్తాలి వాళ్లు" అన్నారు.

ఏప్రిల్ 1944 చివరి వారంలో జరిగిన ఆ రిహార్సల్ పేరు ఎక్సర్‌సైజ్ టైగర్. మూన్ కమాండ్‌లోనే జరిగింది, బేఫీల్డ్ అందులో ఉంది. ఏప్రిల్ 28 తెల్లవారుజామున ట్యాంకులు, ఇంజినీరింగ్ దళాలతో నిండిన ఎనిమిది ఎల్‌ఎస్‌టీలు, అంటే ట్యాంకుల్ని నేరుగా ఒడ్డు మీదే దించే ఓడలు, లైమ్ బే అనే అఖాతంలో వరసగా వస్తున్నాయి. కాపలాకి రెండు యుద్ధనౌకలు ఉండాలి, ఒకటి అంతకుముందే ఇంకో ఓడని గుద్దుకుని రిపేరుకి ఆగిపోయింది, దాని బదులు వేరేది సమయానికి రాలేదు. మిగిలింది అజేలియా అనే కార్వెట్, చిన్న కాపలా ఓడ, ఒక్కటే. పైగా ఎల్‌ఎస్‌టీలకి ఇచ్చిన రేడియో ఫ్రీక్వెన్సీ ఒకటి, బ్రిటిష్ వాళ్లది ఇంకొకటి, టైపింగ్‌లో దొర్లిన తప్పు. షెర్బూర్ నుంచి వచ్చిన జర్మన్ టార్పెడో పడవలు చీకట్లో వాటి మీద పడ్డాయి. రెండు ఎల్‌ఎస్‌టీలు మునిగాయి, ఇంకొకటి వెనక భాగం చితికిపోయి ఎలాగో డార్ట్‌మత్ చేరింది. 749 మంది చనిపోయారు. లైఫ్‌బెల్ట్‌ని చంకల కింద కట్టుకోవాలని చాలామందికి సరిగ్గా చెప్పలేదు, నడుముకి కట్టుకుని దూకారు, వీపు మీద బరువుకి తలకిందులైపోయారు. ఈ ఒక్క సంగతి దగ్గర మావయ్య చాలాసేపు ఆగిపోయారు. యార్డులో సేఫ్టీ పనులు చూసిన మనిషి. "బెల్టు ఎలా కట్టుకోవాలో చూపించడానికి రెండు నిమిషాలు పడుతుందిరా" అన్నారు.

టోర్‌క్రాస్ కార్ పార్కులో నల్ల రంగు వేసిన షెర్మన్ ట్యాంకు ఉంది. కెన్ స్మాల్ అనే స్థానికుడు సముద్రం అడుగున ఉన్న దాన్ని అమెరికా ప్రభుత్వం దగ్గర 50 డాలర్లకి కొని 1984లో పైకి తీయించి, చనిపోయినవాళ్ల గుర్తుగా అక్కడ పెట్టారు. ఇది నీళ్లలో ఈదేలా మార్చిన ట్యాంకు, వెనక్కి వెళ్లి చూస్తే రెండు ప్రొపెల్లర్లు కనిపిస్తాయి. నలభై ఏళ్లు ఉప్పునీళ్లలో ఉన్న ఇనుము మీద పైపెచ్చు లేచిపోయి, గుంటలు పడి, వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది. దాని మీద ఎవరో గసగసాల పూల దండలు పెట్టారు. మేం వెళ్లేసరికి ఇద్దరు ముసలి దంపతులు కొత్త దండ కడుతున్నారు, మావయ్య వెళ్లి దారం పట్టుకున్నారు.

జరిగింది అప్పట్లో రహస్యంగా ఉంచారు. అసలు దాడికి ఐదారు వారాలే టైముంది, వార్త బయటికి పొక్కితే అంతా పోతుంది. దాడి రహస్యం తెలిసిన అధికారులు పది మంది ఆ రాత్రి గల్లంతయ్యారు, వాళ్లలో ఎవరూ జర్మన్లకి చిక్కలేదని తేలేదాకా పైవాళ్లకి నిద్రలేదు. అందరి శవాలూ దొరికాయి.

మూన్ మాత్రం ఆ 749 మందినీ వెంటబెట్టుకునే యూటాకి వెళ్లారని నా నమ్మకం.

ఆదివారం, పూల్ నుంచి షెర్బూర్

ముందు రాత్రి పూల్‌లో పడుకుని పొద్దున్నే ఫెర్రీ ఎక్కాం. ఎక్కేముందు పూల్ రేవుగట్టు మీద అమెరికా కోస్ట్‌గార్డ్ ఫలకం చూశాం. బేఫీల్డ్ వాళ్ల సాటివాళ్లే, 83 అడుగుల చెక్క పడవలు అరవై తీసుకుని ఇక్కడి నుంచి డీ-డేకి, అంటే నార్మండీ దాడి మొదలైన రోజుకి, వెళ్లారు. వాళ్ల పని నీళ్లలో పడ్డవాళ్లని ఏరుకోవడం. మొదటి రోజే 400 మందికి పైగా బతికించారు.

ఫెర్రీ నాలుగున్నర గంటల ప్రయాణం. జర్మన్ టార్పెడో పడవలు ఆ రాత్రి వచ్చిన నీళ్లలోనే, ఎదురు దిక్కుగా మేం వెళ్తున్నాం. డెక్ మీద గాలికి నిలబడలేకపోయినా మావయ్య లోపలికి రాలేదు. పడవల్ని వేలాడదీసే డేవిట్ల దగ్గర నిలబడి లైఫ్‌బోట్లని కిందికి దించే తీరు నాకు పాఠం చెప్పారు. ఓడ ఒరిగినప్పుడు పడవ ఊగి ఓడ పక్కకి కొట్టుకోకుండా ముందూ వెనకా తాళ్లు పట్టి లాగేవాళ్లు ఉండాలి, రెండు వైపులా ఒకే వేగంతో వదలాలి, ఒకవైపు తొందరపడితే పడవ తిరగబడుతుంది. బేఫీల్డ్ మీద ఈ పని చీకట్లో, దీపం లేకుండా, అలల మీద, వరసగా రెండు డజన్ల పడవలకి చేయాలి. అలా దించిన పడవల్లోకి సైనికులు ఓడ పక్కన వేలాడేసిన తాళ్ల వల పట్టుకుని దిగుతారు. వలలో నిలువు తాళ్లే పట్టుకోవాలి, అడ్డతాళ్లు పట్టుకుంటే పైవాడి బూటు నీ వేళ్ల మీద పడుతుంది. కింద పడవ అలకి పైకి లేచిన క్షణంలో వదిలేయాలి, కిందికి జారుతున్నప్పుడు వదిలితే కాలు విరుగుతుంది, ఇంకా ఖర్మ కాలితే ఓడకీ పడవకీ మధ్య పడతావు.

షెర్బూర్‌లో ఉన్న కోట, మ్యూజియం చూడకుండానే దిగి నేరుగా దక్షిణానికి వచ్చేశాం. సెంట్ మేర్ ఎగ్లీజ్‌లో చర్చి కప్పుకి వేలాడే పారాచూట్ బొమ్మ దగ్గర జనం బాగా ఉన్నారు, అందరిలాగే మేమూ ఫొటో తీసుకుని బస చేరాం.

సోమవారం, యూటా బీచ్

పొద్దున ఆరున్నరకల్లా బీచ్ మీద ఉండాలని మావయ్య పట్టు. 1944 జూన్ 6న మొదటి పడవలు ఒడ్డు తాకిన టైము అది. దాడి అసలు జూన్ 5న జరగాలి, తుఫాను వల్ల ఒక రోజు వాయిదా పడింది, అప్పటికే బయల్దేరిన ఓడల్ని వెతికి వెతికి వెనక్కి తిప్పాల్సి వచ్చింది. బేఫీల్డ్ జూన్ 5న ప్లిమత్ వదిలి, అర్ధరాత్రి దాటాక ఈ తీరానికి 11 మైళ్ల అవతల లంగరు వేసింది. ఇక్కడ దిగాల్సిన సైన్యం నాలుగో డివిజన్ కమాండర్ బార్టన్, ఆయన పై అధికారి ఏడో కోర్ కమాండర్ కాలిన్స్, మూన్, ముగ్గురూ అందులోనే.

11 మైళ్లంటే ఒడ్డు నుంచి చూస్తే ఓడ సరిగ్గా కనిపించదు. ఎండలో ఆ వైపు చూస్తే నీలం గీత తప్ప ఏమీ లేదు. అంత దూరం ఆ డబ్బా పడవల్లో మూడు గంటల పాటు నిలబడి, వాంతులు చేసుకుంటూ వచ్చారు.

బీచ్ వెనక అలాంటి పడవ ఒకటి, హిగిన్స్ బోటు నమూనా ఉంది, ర్యాంపు తెరిచి, కంచు సైనికులు దిగుతున్నట్టు. ఆండ్రూ హిగిన్స్ అనే ఆయన న్యూ ఓర్లియన్స్‌లో ఇలాంటివి 20 వేలకు పైగా కట్టించారు. పొడవు 36 అడుగులు, మోసేది 36 మందిని. నేను లోపలికి వెళ్లి నిలబడితే పక్కగోడ నా భుజం పైదాకా వచ్చింది. ఆ గోడలు ప్లైవుడ్. ముందున్నది ఇనుప ర్యాంపు, ఒడ్డు చేరాక అదీ కిందికి వాలిపోతుంది. నడిపేవాడు వెనక మూల నిలబడతాడు, అందరికంటే ఎత్తులో, అందరికంటే బాగా కనిపిస్తూ. సైనికులు దిగిపోతారు, వాడు దిగడు. పడవ అడ్డం తిరగకుండా నిలబెట్టి, ఖాళీ అయ్యాక వెనక్కి తీసి, మళ్లీ 11 మైళ్లు వెళ్లి, మళ్లీ నింపుకుని రావాలి. ఈ కుర్రాళ్లకి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు చాలామందికి. తర్వాత బేస్‌బాల్‌లో అమెరికా అంతా మెచ్చిన యోగి బెర్రా కూడా బేఫీల్డ్ మీదివాడే, అప్పటికి వయసు 19, ఒడ్డు మీదికి రాకెట్లు వదిలే ఇలాంటి పడవలో పనిచేశాడు.

ప్రవాహం లాగేయడంతో మొదటి పడవలు అనుకున్న చోటికి దాదాపు రెండు వేల గజాలు దక్షిణాన దిగాయి. అదృష్టం, అక్కడ జర్మన్ల కాపలా తక్కువ. చేతికర్రతో మొదటి వరసలో దిగిన 56 ఏళ్ల బ్రిగేడియర్ జనరల్ థియోడోర్ రూజ్‌వెల్ట్ జూనియర్ వెనక్కి పోనక్కర్లేదు, ఇక్కడి నుంచే ముందుకు పోదాం అని తేల్చేశారు. సాయంత్రానికి 20 వేల మందికి పైగా ఒడ్డు చేరారు. ఆ రోజు ఈ బీచ్ మీద నాలుగో డివిజన్‌కి తగిలిన దెబ్బ, చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి, దాదాపు 200. రిహార్సల్‌లో చనిపోయినవాళ్లే 749. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే మనసు ఎలాగో అయిపోతుంది.

బీచ్ మీద నెమ్మదిగా ఉన్నా నీళ్లలో మందుపాతరలు ఓడల్ని ముంచుతూనే ఉన్నాయి. ఆ రోజు మూన్ రాత్రిపూట దించడం ఆపేద్దామని అనుకున్నారు. పక్కనే ఉన్న కాలిన్స్ ఒప్పుకోలేదు, ఒడ్డున ఉన్నవాళ్లకి మందుగుండు అందకపోతే వాళ్ల గతేంటని పట్టుబట్టి ఆపనివ్వలేదు. కాలిన్స్ చెప్పిందే సరైనది, ఆ రాత్రి ఆపి ఉంటే లోపల పారాచూట్లతో దిగిన సైనికుల పని అయిపోయేది. అయినా ఆపుదామన్న మూన్‌ని నేను తప్పు పట్టలేను. లైమ్ బే అయ్యి ఇంకా ఆరు వారాలు కూడా కాలేదు.

బేఫీల్డ్ జూన్ 25 దాకా ఇక్కడే ఉండి సరుకులు పంచింది, ఆసుపత్రిగా పనిచేసింది.

మంగళవారం, బుధవారం: కొల్‌విల్, తర్వాత రోడ్డు

కొల్‌విల్‌లో అమెరికన్ సైనికుల శ్మశానంలో తొమ్మిది వేలకు పైగా తెల్ల రాళ్లు. రూజ్‌వెల్ట్ జూనియర్ సమాధి వెతుక్కుని వెళ్లాం. దిగిన ఐదు వారాలకే గుండెపోటుతో పోయారు. పక్కన మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన తమ్ముడు క్వెంటిన్.

అక్కడి నుంచి ఫ్రాన్స్ అడ్డంగా దక్షిణానికి. టోల్ గేట్లు, పులిహోర, కాఫీ, మళ్లీ టోల్ గేట్లు. రాత్రి లియాన్ దగ్గర ఆగాం.

గురువారం, ద్రామోన్

జులైలో బేఫీల్డ్ మధ్యధరా సముద్రంలోకి వచ్చి నేపుల్స్ చేరింది. తర్వాతి పని దక్షిణ ఫ్రాన్స్ మీద దాడి, ఆగస్టు 15న. కామెల్ అనే దళం మూన్‌దే. తన వాళ్లకి తర్ఫీదు చాలలేదని, దాడి వాయిదా వేయమని ఆగస్టు 4న ఆయన పై అధికారి అడ్మిరల్ హ్యూవిట్‌ని అడిగారు. హ్యూవిట్ సముదాయించి, రిహార్సల్ చూశాక అవసరమైతే ఆలోచిద్దామని పంపించారు. ఆగస్టు 5 పొద్దున మూన్ బేఫీల్డ్‌లో తన క్యాబిన్‌లో ప్రాణం తీసుకున్నారు. వయసు 50. నేవీ దాన్ని యుద్ధ అలసటగా రాసుకుంది, నెలల తరబడి ఆయన సరిగ్గా నిద్రపోలేదు.

సెయింట్ రఫాయెల్ దాటి ద్రామోన్ వచ్చేసరికి సముద్రం మరీ నీలంగా, కొండలు మరీ ఎర్రగా ఉన్నాయి. ఎదురుగా చిన్న దీవి, దాని మీద బురుజు. బీచ్ అంతా నీలం బూడిద రంగు రాళ్లు, పక్కన పాత క్వారీ. రోడ్డు పక్క ఒక ల్యాండింగ్ క్రాఫ్ట్‌ని స్మారకంగా పెట్టారు, ఇక్కడ దిగిన 36వ డివిజన్ శిలాఫలకం దగ్గర. కామెల్ గ్రీన్ అనే బీచ్ ఇదే. పొద్దున ఎనిమిదింటికి ఇక్కడ పెద్దగా అడ్డులేకుండా దిగారు. అసలు పెద్ద దెబ్బ మధ్యాహ్నం ఫ్రెజూస్ వైపు కామెల్ రెడ్ అనే బీచ్ మీద కొట్టాలి. అక్కడ జర్మన్లు గట్టిగా ఉన్నారు. బాంబర్లు వచ్చి వెళ్లాయి, ఓడల ఫిరంగులు మోగాయి, అయినా జర్మన్ తుపాకులు ఆగలేదు. అడ్డంకుల్ని పేల్చడానికి పంపిన, రేడియోతో నడిపే మనుషుల్లేని పడవలు దారితప్పి ఎటు పడితే అటు తిరిగాయి.

సైనికులు పడవల్లో ఎక్కేసి ఉన్నారు. ఒడ్డు కనిపిస్తోంది. అప్పుడు బేఫీల్డ్ మీద ఉన్నది మూన్ స్థానంలో వచ్చిన రియర్ అడ్మిరల్ స్పెన్సర్ లూయిస్. డివిజన్ జనరల్ డాల్‌క్విస్ట్ అప్పటికే ఒడ్డున ఉన్నారు, ఆయన్ని అందుకోవడం కుదరలేదు. లూయిస్ తన బాధ్యత మీద రెడ్ బీచ్ దాడి రద్దు చేసి, పడవల్ని అన్నిటినీ ఈ ద్రామోన్‌కే మళ్లించారు. ఇంకో ఓడ మీద నుంచి చూస్తున్న కోర్ కమాండర్ ట్రస్కాట్‌కి ఒళ్లు మండిపోయింది, డాల్‌క్విస్ట్ మాత్రం తర్వాత లూయిస్‌కి థాంక్స్ చెప్పారు. మర్నాటికల్లా వెనక నుంచి నడిచి వెళ్లి ఫ్రెజూస్ పట్టుకున్నారు.

నా దృష్టిలో బేఫీల్డ్ చేసిన పనులన్నిట్లోకీ గొప్పది ఆ మధ్యాహ్నం పడవల్ని వెనక్కి తిప్పడం. దానికి స్తంభం లేదు, ఫలకం లేదు. పోరాటాలకి ఓడలకిచ్చే యుద్ధ తారల లెక్కలో అదొక మామూలు రోజు. మావయ్యని అడిగితే, "ట్రస్కాట్ కోపం కూడా న్యాయమేరా, ఒక రోజు ఆలస్యం అయితే అవతల ఇంకెవరికో దెబ్బ తగుల్తుంది. కానీ పడవలో ఉన్నవాడి తల్లిని అడుగు" అన్నారు. అక్కడే ఇద్దరం గట్టిగా వాదించుకున్నాం, ఎందుకంటే నేను పూర్తిగా లూయిస్ పక్షం.

శుక్రవారం, ద్రాగిన్యాన్

తిరుగు దారిలో ద్రాగిన్యాన్‌లో అమెరికన్ శ్మశానానికి వెళ్లాం, ఈ దాడిలో పోయినవాళ్లు 860 మంది దాకా అక్కడున్నారు. ఆలివ్ చెట్ల మధ్య చిన్న చోటు, మేం తప్ప ఎవరూ లేరు. మావయ్య ప్రతి వరసా నడిచారు.

ఓడ ఇక్కడితో ఆగలేదు. పసిఫిక్ వెళ్లి 1945 ఫిబ్రవరిలో ఐవో జిమాలో మెరీన్లని దించింది, ఏప్రిల్‌లో ఒకినావా దగ్గర దించుతున్నట్టు నటించి జపాన్ వాళ్ల దృష్టి మళ్లించింది. తర్వాత కొరియా, 1965లో వియత్నాం. 1968లో పని నుంచి తప్పించి, మరుసటేడు తుక్కుకి అమ్మేశారు. ఐవో జిమా దీవికి మామూలు జనాన్ని వెళ్లనివ్వరు కాబట్టి మా దారి ఇక్కడితో సరి. ఒకినావాకి మాత్రం విమానాలున్నాయి, టికెట్ ఎంతో చూడమని మావయ్య అప్పుడే మొదలెట్టారు.